నులక బిగిద్దామా, మంచం మారుద్దామా: పాత కారు సీట్ల మరమ్మతుపై ఒక సమీక్ష

ఇంట్లో నులక మంచం వదులైతే మన పెద్దలు మంచం పారేయలేదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, వరస తర్వాత వరస లాగి నులక బిగించారు. నులక చివికిపోతే కొత్తది అల్లించారు. పట్టె విరిగితే వడ్లాయన దగ్గరికి మోసుకుపోయారు. కోళ్లు మాత్రం తాతల నాటివే నిలిచాయి. ఏది అరిగిందో దాన్నే మార్చాలన్న ఈ ఇంగితం పాత కారు సీటు దగ్గరికి వచ్చేసరికి మాయమవుతోంది. సీటు కుంగింది, రెగ్జిన్ చిరిగింది అనగానే రెండు సలహాలే వినిపిస్తాయి. పైన కొత్త కవరు తొడిగించమని ఒకరంటారు. పాతది పీకేసి ఈ కాలపు కారు సీటు బిగించమని ఇంకొకరంటారు.

రెండూ తొందరపాటు సలహాలే. సీటంటే నాలుగు పొరల కట్టడం. మంచం మాటల్లోనే చెప్పాలంటే కోళ్లూ పట్టెలూ ఇనుప చట్రం, నులక స్ప్రింగులు, బొంత లోపలి మెత్త, దుప్పటి పైకి కనిపించే కవరు. బాగుచేయాలా, మార్చాలా అన్న ప్రశ్నను మొత్తం సీటుకు ఒకేసారి వేస్తే సరైన జవాబు దొరకదు. ఒక్కో పొరకు విడిగా వేయాలి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఎండను, దుమ్మును, ఇక్కడి కుషన్ పనివాళ్ల నేర్పును లెక్కలోకి తీసుకుని, ఈ ప్రశ్నపై ఉన్న వాదాలన్నిటినీ ఒకచోట పరిశీలించే ప్రయత్నం ఇది.

మన కార్లు, వాటి దూరపు చుట్టాలు

పాత కార్ల సీట్ల గురించి ప్రపంచంలో జరిగే చర్చ ఎక్కువగా స్పోర్ట్స్ కార్ల చుట్టూ తిరుగుతుంది. ఎంజీ, ట్రయంఫ్, జాగ్వార్ వంటి రెండు సీట్ల బండ్లు గోదావరి ఒడ్డున కనబడటం అరుదు. మన దగ్గర మిగిలినవి అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, మహీంద్రా జీపులు, తొలినాళ్ల మారుతీలు. అయినా ఆ చర్చ మనకు పరాయిదేమీ కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు నుంచి పుట్టింది అంబాసిడర్. ఎంజీ అన్న పేరులోని మొదటి అక్షరం కూడా ఆ మోరిస్‌దే. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోని 1489 సీసీ ఇంజినూ, అంబాసిడర్‌ను ఏళ్ల తరబడి లాగిన 1489 సీసీ ఇంజినూ ఒకే కుటుంబానివి. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ చట్రాన్నే పొట్టి చేసి ఇంగ్లండులో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కట్టారు. ఒకే కాలం, ఒకే పనితీరు కాబట్టి ఆ సీట్లకు పట్టే జబ్బులే ఈ సీట్లకూ పడతాయి.

ఒక్కోసారి కారు పేరే సీటు మీద నిలబడుతుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది. దాన్ని చేయించమన్న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కారు చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. వెనక ఆసనాన్ని సింహాసనంలా ఎత్తుగా కట్టడం వల్లే అది సింహాసనం కారుగా ప్రసిద్ధికెక్కింది. ఆ ఆసనం తీసేస్తే మిగిలేది మరో సిల్వర్ ఘోస్ట్. మన అంబాసిడర్‌కూ అలాంటి గుర్తే ఉంది. గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉండటంతో ముందు సీటు అడ్డంగా ఒకే బల్లలా సాగుతుంది. డ్రైవరు పక్కన ఇద్దరు పెద్దలు, వాళ్ల ఒళ్లో పిల్లలు కూర్చుని పెళ్లిళ్లకు పోయిన సీటు అది. 1992లో ఇసుజు ఇంజినుతో 1800 ఐఎస్‌జడ్ వచ్చాక గేరు కిందికి దిగి, సీట్లు విడిపోయాయి. ముందు బల్ల సీటున్న పాత కారుకు విడి సీట్లు బిగిస్తే ఆ కారులో మనుషులు కలిసి కూర్చునే తీరే చెరిగిపోతుంది.

విప్పితే బయటపడ్డ నిజం

మా మేనమామ దగ్గరున్న అంబాసిడర్ మార్క్ 4 ముందు సీటు డ్రైవరు వైపు గుంట పడింది. మొదట ఒక దుకాణంలో సీటు విప్పకుండానే పాత కవరు మీద స్పాంజి పరిచి కొత్త రెగ్జిన్ తొడిగారు. ఇంటికి తెచ్చిన రోజు మెరిసిపోయింది. ఒక్క ఎండాకాలం గడిచేసరికి గుంట మళ్లీ అక్కడే తేలింది. కుట్టు పొడవునా రెగ్జిన్ చీలింది. రెండోసారి కరీంనగర్‌లో వేరే కుషన్ దుకాణానికి తీసుకుపోయాం. ఎంతవుతుందని అడిగితే ఆ పెద్దమనిషి ధర చెప్పలేదు.

"పైనకెల్లి చూసి చెప్తే అబద్ధమైతది సార్. విప్పినంక చెప్త" అన్నాడు.

సీటును బోర్లా వేసి, కవరు అంచుల్ని చట్రానికి పట్టి ఉంచిన తీగ రింగుల్ని పటకారతో ఒక్కొక్కటిగా తెంపాడు. రెగ్జిన్ కింద తడి ఎండిన గోనె వాసన గుప్పుమంది. మొదటి దుకాణంలో వేసిన స్పాంజి, దాని కింద పాత కవరు, దాని కింద చిట్లిన కొబ్బరిపీచు పలక కనిపించాయి. పీచును చేత్తో నలిపితే తవుడులా రాలింది. గోనె మడతల్లో పసుపు అంటిన బియ్యపు గింజలు నాలుగు దొరికాయి. ఏ పెళ్లి తలంబ్రాలో మరి. అన్నిటికంటే అడుగున అసలు దోషి ఉంది. డ్రైవరు కూర్చునే చోట మూడు స్ప్రింగులు విరిగి పక్కకు ఒరిగాయి. వాటి మొనలు గోనెను చీల్చి, పీచును కోసి, పైకి పొడుచుకొస్తున్నాయి.

"స్ప్రింగు సచ్చినంక మీద ఎంత స్పాంజి పెట్టినా గుంటలనే పడ్తది సార్" అన్నాడాయన. ఎవరి వాదాన్ని తూచేటప్పుడైనా ఈ మాటనే తూనికరాయిగా పెట్టుకోవాలి.

చట్రం: దాదాపు ఎప్పుడూ బాగుచేయదగినదే

నాలుగు పొరల్లో చట్రమే ఎక్కువ కాలం బతుకుతుంది. దాన్ని తినేది తుప్పు. వానాకాలంలో నేల చాప తడిసి, గోనె ఆ తడిని పట్టి ఉంచితే, చట్రం వెనక మూలలు, కింది గొట్టాలు ముందుగా పుచ్చుతాయి. మెత్తంతా తీసేశాకే వెల్డింగు చేయించాలి. పీచు, ఫోమ్ పక్కనుండగా నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. అతుకు గీకి, తుప్పు తీసి, రెడ్ ఆక్సైడ్ వేసి, ఆపైన రంగు వేస్తే మరో తరం పనిచేస్తుంది.

సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాల సంగతి చాలామంది మరిచిపోతారు. ఒకవైపు కొండి అరిగి జారితే బ్రేకు వేసినప్పుడు డ్రైవరుతో సహా సీటు కదులుతుంది. చేతిలో స్టీరింగు ఉన్న మనిషి అలా జారడం ప్రాణాపాయం. కొత్త కవరు రంగు ఎంచుకోవడానికి ముందే రెండువైపులా కొండి గట్టిగా పడుతోందో లేదో చూసుకోవాలి. చట్రం పూర్తిగా పుచ్చితే అదే మోడల్ పాత సీటును తుక్కు కార్ల నుంచో, సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి విడిభాగాల బజార్ల ద్వారానో వెతకాలి. అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. తుక్కుకు పోయే ప్రతి చట్రంతో మిగిలినవి ఒకటి తగ్గుతాయి.

స్ప్రింగులు: అసలు తీర్పు ఇక్కడే

పాత సీట్లలో మూడు రకాల ఆధారాలు కనిపిస్తాయి. మొదటిది గుండ్రని చుట్టల స్ప్రింగు. రెండోది పాము నడకలా వంకర తిరిగిన తీగ. మూడోది రబ్బరు పట్టీలు. 1960ల బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ఈ పట్టీలే ఉండేవి. నవారు మంచం చూసినవాళ్లకు వాటిని వేరే వివరించనక్కర్లేదు. నవారుకు సాగే గుణం ఇస్తే అదే.

చుట్టల స్ప్రింగుల్లో విరిగినవాటిని మార్చవచ్చు. అదే లావు తీగ, అదే ఎత్తు ఉండాలి. ఒకటి ఎక్కువ గట్టిగా ఉంటే కూర్చున్నప్పుడు రాయిలా తగులుతుంది. తర్వాత అన్నిటినీ జనపతాడుతో నాలుగు దిక్కులా కట్టాలి. ఏ ఒక్కటీ ఒంటరిగా బరువు మోయకుండా చూసేది ఆ కట్టే. వంకర తీగలు సాగిపోతే మార్చడమే మేలు. వాటి కొక్కేల దగ్గర అరుగుదల వల్లే కీచుమనే చప్పుడు వస్తుంది. రబ్బరు పట్టీలు మన ఎండకు ఎండి, పగిలి, ఒక్కోరోజు ఒక్కోటి తెగుతాయి. ఒకటి తెగిందంటే అన్నిటి వయసూ అయిపోయినట్టే. మొత్తం జత మార్చాలి.

ఇక్కడ చేసిన పని సుఖానికి మాత్రమే కాదు, భద్రతకూ సంబంధించింది. డ్రైవరు సీటు కొంచెం కుంగినా కళ్లు బానెట్ అంచుకు కిందికి దిగుతాయి, పెడల్ మీద కాలు కోణం మారుతుంది, నడుము వంగిపోతుంది. అందుకే విప్పకముందే నేల నుంచి సీటు పైభాగం ఎత్తు, ముందు అంచు ఎత్తు కొలిచి రాసుకోవాలి. కుంగని పక్క సీటు కొలతలు తీసుకుంటే అసలు ఎత్తు తెలుస్తుంది.

మెత్త: మార్చక తప్పనిది, తెలిసి మార్చాల్సినది

పాత కార్లలో గుర్రపు వెంట్రుకలు, కొబ్బరిపీచు, పత్తి, రబ్బరు పాల నురుగు వాడారు. పాలీయురెథేన్‌ను జర్మనీలో ఒట్టో బేయర్ బృందం 1937లో కనిపెట్టింది. మెత్తని ఫోమ్‌గా అది కార్లలోకి వచ్చింది ఆ తర్వాతి దశాబ్దాల్లోనే. ఈ పదార్థాలన్నీ ముసలివవుతాయి గానీ ఒక్కో తీరుగా అవుతాయి. వెంట్రుకల మెత్త నలిగి గడ్డకడితే విప్పి, కడిగి, దులిపి మళ్లీ వాడుకోవచ్చు. దూదేకులవాళ్లు పాత పరుపు దూదిని ఏకి కొత్త పరుపు చేసినట్టే. రబ్బరు పాలతో అతికించిన కొబ్బరిపీచుకు ఆ అవకాశం లేదు. రబ్బరు పెళుసెక్కాక అది పొడి అవుతుంది. పాత ఫోమ్ పసుపు తిరిగి, నొక్కితే లేవకుండా, చివరికి ఇసుకలా రాలుతుంది.

ఫోమ్ కొనేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. దుకాణంలో చెప్పే సాంద్రత అంకె, ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో చెబుతుంది. ఎంత గట్టిగా ఉంటుందో చెప్పదు. తక్కువ సాంద్రత ఫోమ్ కొన్నరోజు బాగానే అనిపించి త్వరగా చతికిలపడుతుంది. కారు సీటుకు 40, అంతకు పైబడినది అడగాలి. ముక్కలు నొక్కి అతికించిన రీబాండెడ్ ఫోమ్ బరువుగా, గట్టిగా ఉంటుంది. అది అడుగు పొరకు పనికొస్తుంది గానీ మొత్తం సీటుకు కాదు. స్ప్రింగుల మీద గట్టి గోనె, దాని మీద పీచు పలక లేదా గట్టి ఫోమ్, ఆపైన కొంచెం మెత్తనిది, చివర పలచటి పత్తి పొర వేస్తే స్ప్రింగు కోయదు, చెమట నిలవదు. ఆదిలాబాద్ పత్తికి ఈ చివరి పొరలో చక్కని చోటుంది. బూరుగు దూది మాత్రం దిండుకే తగింది. మనిషి బరువు రోజూ పడే చోట అణిగిపోతుంది. ఫోమ్‌ను కవరు కొలత కంటే కాస్త పెద్దగా కోస్తేనే కవరు బిగుతుగా నిండి ముడతలు రావు.

కవరు: చివరి పొర, మొదటి మోజు

కవరు దగ్గరే డబ్బు ఎక్కువ ఖర్చవుతుంది, వాదాలూ ఎక్కువ నడుస్తాయి. రామగుండం, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఎండాకాలం ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటుతుంది. అదే ఆదిలాబాద్‌లో చలికాలం ఒక అంకె డిగ్రీలకు పడిపోతుంది. ఈ రెండు కొసలనూ తట్టుకోవాలి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు బొగ్గు దుమ్ము కుట్టు రంధ్రాల్లో దూరి దారాన్ని రంపంలా కోస్తుంది.

తోలు మన్నికైనది, ఊపిరి ఉన్నది. కానీ ఎండితే పగులుతుంది. పైపొర చిట్లితే ఏ నూనే దాన్ని అతికించదు. కొబ్బరి నూనె పూసే అలవాటు మనలో ఉంది. అది తోలును నల్లబరిచి దుమ్మును పట్టిస్తుంది. కొద్దిపాటి తడి, మెత్తని సబ్బు, తోలు కోసం చేసిన పూత చాలు. చిరుగుకు వెనక నుంచి సన్నని తోలు ముక్క అతికించడం పాత తోలును కాపాడే మంచి పద్ధతి. రోల్స్ రాయిస్, జాగ్వార్‌లకు తోలు ఇచ్చిన కానలీ సంస్థ 1878లో మొదలై 2002లో మూతపడింది. ఆనాటి తోలు ఇక రాదు కాబట్టే విదేశాల్లో చిరిగిన అసలు తోలుకు కూడా విలువ కడతారు.

రెగ్జిన్ అన్నది నిజానికి ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గరి హైడ్ ఊళ్లో పుట్టిన వ్యాపార నామం. గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి చేసేవారు. మన వాడుకలో ఆ పేరు ఇప్పటి పీవీసీ పూత గుడ్డలన్నిటికీ నిలిచిపోయింది. పీవీసీని మెత్తగా ఉంచే ద్రవ్యం ఎండకు నెమ్మదిగా బయటికి పోతుంది. అందుకే పాత రెగ్జిన్ అట్టలా బిగిసి పగులుతుంది. అలా బిగిసినదాన్ని మళ్లీ మెత్తబరచలేం, మార్చాల్సిందే. తోలులా కనిపించే చవక పీయూ గుడ్డ ఉక్కకు పొలుసులు లేస్తుంది. పాత కారుకు దాన్ని వాడకపోవడం మంచిది. రోజూ తిరిగే కారుకు అంచుల్లో మంచి రెగ్జిన్, మధ్యలో గాలి ఆడే గుడ్డ పెట్టించడం మన వాతావరణానికి నప్పే పద్ధతి. ఒకప్పుడు అధికారుల అంబాసిడర్లలో పరిచిన తెల్లటి టర్కీ తువ్వాలు హోదా గుర్తుగానే మిగిలింది గానీ, అది చెమట పీల్చేది, ఉతుక్కోవడానికి వీలయ్యేది, కవరును ఎండ నుంచి కాచేది.

కుట్టు సంగతీ చెప్పాలి. నూలు దారం చెమటకు, ఎండకు పుచ్చిపోతుంది. నైలాన్ లేదా పాలిస్టర్ దారం అడగాలి. కుట్టు మరీ దగ్గరగా పడితే రంధ్రాల వరస తపాలా బిళ్ల అంచులా మారి అక్కడే చిరుగుతుంది. మా మామ సీటు మొదటిసారి చీలింది అలాగే.

సీటే మార్చేద్దామనే వాదం

దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కొత్తకాలపు సీటుకు తల ఆనించే దిండు ఉంటుంది, వీపు కోణం మార్చుకోవచ్చు, నడుముకు ఆసరా దొరుకుతుంది. వెనక నుంచి బండి గుద్దినప్పుడు మెడను కాపాడేది ఆ తలదిండే. అమెరికాలో కార్లకు 1969 జనవరి నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. నడుము నొప్పితో రోజూ దూరం నడిపే మనిషికి సీటు మార్పు అవసరమే కావచ్చు.

ఇబ్బంది బిగింపు దగ్గర వస్తుంది. అమెరికా ప్రమాణం ప్రకారం సీటు బిగింపు ఆ సీటు బరువుకు 20 రెట్లు తట్టుకోవాలి. పాత కారు పలచటి నేల రేకుకు నాలుగు రంధ్రాలు తొలిచి, పట్టీ ఇనుము వెల్డింగు చేసి, పరాయి సీటు నిలబెడితే అంత బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఎత్తు కలవదు, స్టీరింగుకు దూరం కలవదు, బెల్టు కొక్కెం కోణం కలవదు. సీట్ల సంఖ్య రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటుంది కాబట్టి దాన్ని మార్చే పని రవాణా శాఖ అనుమతితో ముడిపడినది. తప్పనిసరై మార్చాల్సి వస్తే పాత రంధ్రాలకే సరిపోయే అడుగు పలక చేయించాలి. నేల రేకును కోయకూడదు. పాత సీటును అమ్మకుండా అటక మీద దాచాలి. వెనక్కి తిప్పుకోగల మార్పు క్షమించదగిన మార్పు.

కవరుకైనా మెత్తకైనా నిప్పు పరీక్ష చేయడం మంచిది. అమెరికా ప్రమాణంలో కారు లోపలి పదార్థం మీద మంట నిమిషానికి 102 మిల్లీమీటర్ల కంటే వేగంగా పాకకూడదు. మనం చేయగలిగింది చిన్న పని. కొనబోయే ఫోమ్, రెగ్జిన్ ముక్కల్ని ఆరుబయట పటకారతో పట్టి కాల్చి చూడాలి. భగ్గుమని మండి చుక్కలు చుక్కలుగా కారేదాన్ని వదిలేయాలి.

అసలుతనం ఎంతవరకు?

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ ప్రకటన కాపాడటానికి, పునరుద్ధరించడానికి మధ్య తేడా చూపింది. ఉన్నదాన్ని వీలైనంత ఉంచమని, మార్చినదాన్ని గుర్తుపట్టేలా చేసి రాసిపెట్టమని దాని సారాంశం. మన దేశంలో 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చట్రం, బాడీ, ఇంజిను అసలు రూపంలో ఉన్న బండ్లకు వీఏ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. 1970ల తొలి ఏళ్ల అంబాసిడర్లు, పద్మినీలకు ముందు వచ్చిన ఫియట్లు ఇప్పుడు ఆ వయసుకు చేరుతున్నాయి. ప్రదర్శనకు నిలిపే అలాంటి కారుకు అసలు గుడ్డ, అసలు కుట్టు వరసలు, అసలు రంగు కాపాడటం ధర్మం. రోజూ తిరిగే కారుకు చట్రం, స్ప్రింగుల ఎత్తు అసలువి ఉంచి, మెత్త, కవరు ఈ కాలానివి వేస్తే తప్పులేదు.

ఇంగ్లండులో ఎంజీబీ యజమాని కొలత ప్రకారం కోసిన ఫోమ్, కుట్టి సిద్ధంగా ఉన్న కవరు తెప్పించుకుంటాడు. జపాన్‌లో మాజ్దా తన తొలితరం ఎంఎక్స్-5లకు స్వయంగా పునరుద్ధరణ పథకం పెట్టింది. మనకు అలాంటి సరఫరా లేదు గానీ మనుషులున్నారు. ఆటో సీటు, ట్రాక్టరు సీటు, సోఫా, పెళ్లి కుర్చీ అన్నీ కుట్టే చేయి ప్రతి పట్టణంలో ఉంది. పాత కవరును కుట్టు కుట్టు విప్పి, ఆ ముక్కలనే కొలతగా పరిచి కొత్తది కోయగల నేర్పు వాళ్లది. ఆ చేతికి మనం ఇవ్వాల్సింది మంచి సరుకు, తగిన సమయం, శ్రమకు తగిన కూలి. సాయంత్రానికల్లా కావాలని తొందరపెట్టి, ధర సగానికి బేరమాడి, తర్వాత సీటు కుంగిందని నిందించడం న్యాయం కాదు.

మామ సీటుకు నాలుగు రోజులు పట్టింది. చట్రం పాతదే. విరిగిన మూడు స్ప్రింగులు కొత్తవి. మెత్త అంతా కొత్తది. కవరు కొత్త రెగ్జినే అయినా నిలువు గీతల కుట్టు పాతదాని కొలతకే పడింది. మామ ఎక్కి కూర్చుని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "బానెట్ కొస మళ్ల కనబడుతున్నది రా" అన్నాడు.

దుకాణాయన పాత రెగ్జిన్ ముక్క ఒకటి, గోనె పేలిక ఒకటి, విరిగిన స్ప్రింగు ఒకటి చిన్న సంచిలో కట్టి డిక్కీలో పెట్టాడు. ఇదెందుకు భాయ్ అని అడిగాను.

"మళ్ల ఎవరన్న విప్పితే ఎట్లుండెనో ఎర్కుండాలె గద సార్" అన్నాడు.